నా పికప్ వణుకుకు కారణం వెతకకుండానే విడిభాగాలు మార్చారు

పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా

కంపెనీ వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: క్లచ్ పని చేయించిన తర్వాత నా పికప్ బండిలో మొదలైన హోరు, వణుకు. మూడుసార్లు చూపించినా అసలు లోపం కనిపెట్టకపోవడం.

అయ్యా,

నేను నిమ్మకాయలు తోలే పికప్ యజమానిని. డ్రైవరునూ నేనే. పొదలకూరు మార్కెట్టులో బస్తాలు ఎక్కించుకుని, నెల్లూరు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి తెల్లవారకముందే చెన్నై కోయంబేడు చేరడం నా పని. 58 వేల కిలోమీటర్ల వరకు మీ బండి నన్ను దారిలో ఒక్కసారి కూడా నిలబెట్టలేదు. ఆ మాట ముందుగా చెప్పడం న్యాయం.

గత నవంబరులో నెల్లూరులోని మీ అధీకృత సర్వీస్ సెంటరులో క్లచ్ ప్లేటు మార్పించాను. ఆ సాయంత్రం బండి తీసుకుని ఇంటికి వస్తుండగానే అంతవరకు లేని హోరు వినిపించింది. గంటకు 55 కిలోమీటర్ల దగ్గర మొదలై, 65కు చేరేసరికి సీటు కింద నేలంతా అదురుతుంది. గేరు రాడ్డు మీద చెయ్యి పెడితే తిమ్మిరెక్కుతుంది. 80 దాటితే కొంత తగ్గుతుంది. సరుకుతో మొదటి గేరులో బండి కదిలించేటప్పుడు మాత్రం మరో రకం శబ్దం, నడుము కింద ఎవరో బల్లను లాగినట్టు గుడగుడ. స్టీరింగ్ మాత్రం ఏ వేగంలోనూ వణకదు. ఈ చివరి మాటను నేను వెళ్లిన ప్రతిసారీ చెప్పాను. ఎవరూ రాసుకోలేదు.

మొదటిసారి వెళితే చక్రాల బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేసి 1,900 రూపాయలు తీసుకున్నారు. హోరు తగ్గలేదు. రెండోసారి వెనక చక్రం బేరింగు పోయిందని చెప్పి మార్చి 7,250 రూపాయలు తీసుకున్నారు. తీసిన పాత బేరింగును నేను అడిగి తెచ్చుకున్నాను. చేత్తో తిప్పితే నూనె పోసినట్టు తిరుగుతోంది, ఎక్కడా గరగర లేదు. మూడోసారి వెళితే ఈ బండ్లకు ఇది మామూలేనని, మీ వైపు రోడ్లు బాగా లేవని, పైగా మీరు ఎక్కువ బరువు వేస్తారని చెప్పారు. జాబ్ కార్డులో 'లోపం లేదు' అని రాసి సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు.

ఈ మూడుసార్లలో ఒక్కసారి కూడా ఎవరూ సరుకున్న బండిని నాతో పాటు రోడ్డు మీద నడిపి చూడలేదు. సెంటరు ఆవరణలో రెండు చుట్లు తిప్పి దిగారు. 65లో వచ్చే హోరు ఆవరణలో 15లో ఎలా వినబడుతుంది? రోడ్లు బాగా లేవన్న మాటకు జవాబు కూడా అక్కడే ఉంది. గతుకుల్లో ఈ శబ్దం తెలియదు. జాతీయ రహదారి మీద, నున్నటి తారు మీద నడిపేటప్పుడే ఎక్కువగా తెలుస్తుంది.

వాళ్లు చేయని పరీక్షలు నేను చేశాను. 70లో వెళుతూ బండిని న్యూట్రల్‌లోకి తెచ్చి యాక్సిలరేటరు వదిలేశాను. ఇంజను నెమ్మదించినా హోరు అలాగే ఉంది. బండి నిలబెట్టి ఇంజనును అదే స్థాయికి లేపితే ఏమీ లేదు. ఒకే వేగంలో నాలుగో గేరులోనూ ఐదో గేరులోనూ తేడా లేదు. అంటే ఈ వణుకు ఇంజనుతో కాదు, బండి వేగంతో ముడిపడి ఉంది. ఖాళీ రోడ్డు మీద బండిని కుడికీ ఎడమకూ కొద్దిగా ఊపుతూ నడిపాను. చక్రం బేరింగు పోయి ఉంటే బరువు ఒక పక్కకు వాలినప్పుడు శబ్దం మారాలి. మారలేదు. ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకు మార్చి చూశాను. అయినా అదే హోరు.

మా ఊరి పాత మెకానిక్ ఒకాయన చెప్పిన మాట నాకు దారి చూపింది. చక్రం తప్పయితే వణుకును ఇంచుమించు లెక్కపెట్టవచ్చని, గేరు బాక్సు నుంచి వెనక ఇరుసుకు తిప్పుడు చేరవేసే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు తప్పయితే అది లెక్కకు అందని హోరుగా ఉంటుందని ఆయన అన్నారు. వెనక ఇరుసును జాకీల మీద లేపి రెండు చక్రాలనూ కలిపి ఒక చుట్టు తిప్పితే ప్రొపెల్లర్ షాఫ్టు నాలుగు చుట్లకు పైగా తిరిగింది. టైరు మీద సుద్దగీత పెట్టి కొలిస్తే ఒక చుట్టుకు 2.1 మీటర్లు. ఆ లెక్కన 65లో చక్రం క్షణానికి ఎనిమిదిన్నర చుట్లు తిరిగితే, షాఫ్టు 35 చుట్లు తిరుగుతుంది. నాకు తెలుస్తున్నది చక్రం అదురు కాదు, షాఫ్టు హోరు.

ఆయనతో కలిసి బండి కిందికి వెళ్లి చూశాను. షాఫ్టు రెండు ముక్కలు కలిసే పళ్ల దగ్గర, మీ కంపెనీవాళ్లే వేసిన రెండు బాణం గుర్తులు ఎదురెదురుగా లేవు. రెండు పళ్ల మేర పక్కకు పడి ఉన్నాయి. ఫోటోలు జతచేశాను. క్లచ్ మార్చాలంటే గేరు బాక్సు దించాలి, దానికి ముందు షాఫ్టు విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు గుర్తు చూడలేదు. షాఫ్టు చివర వంగే కీలులాంటి క్రాస్ జాయింటు కోణంలో తిరిగినప్పుడు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. అవతలి చివర జాయింటు సరైన వరుసలో ఉంటేనే ఆ హెచ్చుతగ్గులు సరిపోతాయి. పళ్లు తప్పితే అవి వణుకుగా మిగిలిపోతాయి. బరువుతో బండి కదిలేటప్పుడు షాఫ్టును మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బేరింగు రబ్బరు మీద ఆ భారం పడుతోంది. అది ఇప్పటికే చీలడం మొదలైంది. ఆ మెకానిక్ అక్కడికక్కడే సరిచేయగలడు. నా వారంటీ పోకూడదని ఆయనే చెయ్యి పెట్టలేదు.

ఎక్కువ బరువు వేస్తానన్నది నిజం కాదు. గత నాలుగు నెలల కాటా చీటీలు జతచేశాను. ఏ ట్రిప్పులోనూ ఆర్‌సీలో ఉన్న పరిమితి దాటలేదు. క్లచ్ మార్చక ముందు కూడా ఇదే బరువు తోలాను, అప్పుడు ఈ శబ్దం లేదు.

నేను కొత్త బండి అడగడం లేదు. మీ ప్రాంతీయ కార్యాలయం నుంచి ఇంజనీరును పంపండి. సరుకున్న బండిలో నా పక్కన కూర్చుని నెల్లూరు నుంచి నాయుడుపేట వరకు రమ్మనండి. షాఫ్టును గుర్తుల ప్రకారం బిగించి, క్రాస్ జాయింట్లు, షాఫ్టు బ్యాలెన్సు, వెనక ఇరుసులో తిప్పుడును రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ పినియన్ బేరింగు పరీక్షించి, దెబ్బతిన్న సెంటర్ బేరింగును మీ ఖర్చుతో మార్చండి. అనవసరంగా తీసుకున్న 9,150 రూపాయలు తిరిగి ఇవ్వండి. జాబ్ కార్డులో 'లోపం లేదు' అన్న మాట కొట్టేసి అసలు కారణం రాయండి. నాకు డబ్బు కన్నా ఈ చివరిదే ముఖ్యం, ఎందుకంటే రేపు డిఫరెన్షియల్ చెడితే ఆ కాగితాన్నే నా ముందు పెడతారు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కింద ఫిర్యాదు చేస్తాను. ఇది వ్యాపార వాహనం కాబట్టి నేను వినియోగదారుణ్ని కానని మీ సెంటరు మేనేజరు అన్నారు. స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరం కింద లెక్కించదు.

అంతవరకు నేను గంటకు 50 దాటకుండానే నడుపుతున్నాను. కోయంబేడుకు గంటన్నర ఆలస్యంగా చేరుతున్నాను. అప్పటికి మంచి ధర అయిపోతోంది. ఆ నష్టం నాది మాత్రమే కాదు, నన్ను నమ్మి కాయ ఎక్కించిన రైతులది కూడా.

జతపరిచినవి: ఆర్‌సీ నకలు, మూడు జాబ్ కార్డులు, రెండు బిల్లులు, కాటా చీటీలు, షాఫ్టు గుర్తుల ఫోటోలు. పాత బేరింగు నా దగ్గర ఉంది, మీ ఇంజనీరు వచ్చినప్పుడు చూపిస్తాను.

ఇట్లు
మీ పికప్ యజమాని, డ్రైవరు