సెంటు భూమి లేనివాళ్ళ పేర్లు ఎక్కడ వెతకాలి?

సంపాదకులకు నమస్కారం.

భూముల రీసర్వే మొదలైన దగ్గర్నుంచి మీ జిల్లా పేజీ తిప్పితే చాలు, అడంగల్, వన్ బీ, ఆర్ఎస్ఆర్ అంటూ భూమి రికార్డుల పేర్లే. భూమి ఉన్నవాళ్ళకి అవి కావాల్సిందే, కాదనను. కానీ వంశ చరిత్ర తెలుసుకోవాలంటే ముందు పాత రెవెన్యూ రికార్డు తిరగెయ్యండి అని మొన్న మీ పేపర్లో ఒకరు సలహా ఇచ్చారు చూడండి, ఈ ఉత్తరం దాని గురించే. కూలోడి మునిమనవడు ఆ రికార్డు తిరగేస్తే ఏం దొరుకుతుంది? ఊళ్ళో మోతుబరుల తాతల పేర్లు దొరుకుతాయి.

మాది కందుకూరు పక్క పల్లె. ధాత కరువు నాటికి మా ముత్తాత చంకబిడ్డ అని మా నాయనమ్మ చెప్పేది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77, కాబట్టి పుట్టుక ఒకటి రెండేళ్ళు అటూ ఇటూగా తెలిసిపోయినట్టే, ముసలోళ్ళు చెప్పే ఇలాంటి మాటల్ని కబుర్లని కొట్టిపారెయ్యకండి. ఆ కరువు రోజుల్లోనే బకింగ్‌హాం కాలవ పని నడిచింది. ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని పెట్టారు. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మా వాళ్ళు ఆ లెక్కలో ఉన్నారని మా ఇంట్లో గట్టిగా చెప్తారు. మా వైపు ప్రతి బాప్టిస్టు ఇంట్లోనూ ఇదే చెప్తారు లెండి.

చర్చి రిజిస్టరు మాత్రం వేరే చెప్పింది. పొడుగాటి పుస్తకం, గుడ్డ అట్ట, సిరా తుప్పు రంగుకి తిరిగింది. మా ముత్తాత బాప్తిస్మం చాలా ఏళ్ళ తర్వాత, పెళ్ళయ్యాక జరిగింది. పాత పేరు ఒక గీతతో కొట్టేసి పక్కన బైబిలు పేరు రాశారు, తర్వాత తండ్రి పేరు, పల్లె, తేదీ. చివరి గడిలో ఎవరో పెన్సిలుతో "చెన్నపట్నం పోయెను" అని రాసిపెట్టారు. ఆయన మద్రాసు వెళ్ళిన సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు! ఆ రోజుల్లో కట్టెలూ ఉప్పూ వేసుకుని పడవలు మద్రాసు దాకా వెళ్ళేవి కదా, కరువులో జనం తవ్విన ఆ కాలవ మీదే పడవెక్కి పోయాడేమో. ఏమో అనే అంటున్నాను, కాగితం అంతవరకే చెప్పింది. ఆయన కింద వరసలోనే మా ముత్తవ్వ పేరుంది. ఎవరి బాప్తిస్మం వాళ్ళదే కాబట్టి ఆడమనిషికీ ఒక వరస దక్కింది, అదిగాక ఇంకే కాగితంలోనూ ఆవిడ పేరు నాకు కనపడలేదు.

బాప్టిస్టులు చంటిబిడ్డలకి బాప్తిస్మం ఇవ్వరు, అందుకని అందులో ఉన్న తేదీని పుట్టినరోజు అనుకోకూడదు. గూడూరు, నాయుడుపేట వైపు లూథరన్ చర్చిల వాళ్ళకి ఆ ఇబ్బంది తక్కువ, అక్కడ బిడ్డలకే ఇస్తారు కాబట్టి పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు కూడా దొరికే అవకాశం ఉంది.

మద్రాసు నుంచి ఆయన తిరిగొచ్చాడని తెలిసింది జరిమానా రసీదు వల్ల. మా నాయన రేకు పెట్టెలో డీకేటీ పట్టా (పేదలకి సర్కారు భూమి ఇస్తూ రాసే పట్టా) కింద నాలుగు మడతలు పెట్టి దాచిన ముక్క అది, బంజరు సాగు చేసినందుకు శివాయిజమా, అంటే పట్టా లేకుండా సర్కారు భూమి దున్నినవాళ్ళ మీద వేసేది, ఫసలీ 1341. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, దానికి 590 కలుపుకోండి, 1931 జూలై నుంచి 1932 జూన్ దాకా అన్నమాట. పట్టా ఉన్నోడు కడితే శిస్తు, మా ముత్తాత కడితే ఆక్రమణకి జరిమానా, 1905 నాటి చట్టం అట్లా ఉంది మరి. సర్కారు కాగితంలో ఆయన పేరు ఎక్కింది మాత్రం ఆ జరిమానా పుణ్యానే. అందుకని భూమి లేనివాళ్ళు పట్టాదారు గడి చూసి నిరాశపడి లేచి రావద్దు, అనుభవదారు (సాగులో ఉన్నవాడి) గడి, శివాయిజమా పద్దులు చూడండి, డీకేటీ పట్టా ఉంటే దాని దరఖాస్తు ఫైలు ఏమైందో అడగండి.

బడి అడ్మిషన్ రిజిస్టరు ఇంకో మంచి చోటు. తండ్రి పేరు, వృత్తి, కులం, చేర్పించిన వాళ్ళ సంతకమో వేలిముద్రో, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. పుట్టిన తేదీని మాత్రం నమ్మకండి, మా పల్లెలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు. చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్నా కంగారుపడొద్దు. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో క్రైస్తవులకి చోటు లేదు, ఆ తర్వాత అట్లా ఎందుకు రాయించారో మన జిల్లాలో అందరికీ తెలుసు, నేను విడమరచి చెప్పక్కర్లేదు.

జిల్లా సంగతంటారా, కందుకూరు 1970 దాకా నెల్లూరు, ఆ ఏడు ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికి ప్రకాశం పేరొచ్చింది, 2022లో మళ్ళీ నెల్లూరు. ఆయన పోయాక కూడా మా ముత్తాత జిల్లాలు మారుతూనే ఉన్నాడు. కనిగిరి, పొదిలి, దర్శి వాళ్ళ పాత కాగితాలూ నెల్లూరు పేరు మీదే ఉంటాయి, అద్దంకి వాళ్ళు గుంటూరు, మార్కాపురం వాళ్ళు కర్నూలు పేరు మీద వెతుక్కోవాలి. 1953కి ముందు ఇదంతా మద్రాసు కిందిదే కాబట్టి జిల్లా స్థాయి పాత ఫైళ్ళ కోసం ఎగ్మోర్లో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా అడగాలి.

ఇక చావు తేదీ దొరకలేదు. అప్పట్లో ఊళ్ళో జనన మరణాలు రాసింది మునసబు. 1984లో కరణం, మునసబు పోస్టులు తీసేశాక మా వైపు ఆ పుస్తకాలు కొన్ని తాలూకా ఆఫీసుకి చేరాయంటారు, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి. ఒక ఆఫీసుకి వెళ్ళి పాత మరణాల రిజిస్టరు అడిగితే, ఏం, ఆస్తి తగాదానా అన్నారు. కాదండీ, మా ముత్తాత ఎప్పుడు పోయాడో తెలుసుకుందామని అంటే పక్క సీటాయన కూడా తలెత్తి నవ్వాడు. ఆస్తి లేనోడికి పాత కాగితంతో పనేంటన్నది వాళ్ళ అనుమానం.

కలెక్టర్ గార్లకి నా మనవి ఒక్కటే. భూమి రికార్డు స్కాన్ చెయ్యడానికి మనుషులూ మిషన్లూ ఎలాగూ ఉన్నారు కదా, అదే చేత్తో పాత జనన మరణ రిజిస్టర్లు, 1970కి ముందు బడి అడ్మిషన్ రిజిస్టర్లు కూడా తీయించండి, వారసులు అడిగితే చూపించే ఏర్పాటు చెయ్యండి. కులం గడి అందరికీ కనపడాల్సిన పనిలేదు, ఆ జాగ్రత్త పెట్టుకోవచ్చు. చర్చి పెద్దలు సర్కారు కోసం ఎదురుచూడక్కర్లేదు. పగటి వెలుతురులో ఒక్కో పేజీ ఫోనుతో ఫొటో తీసి రెండు మూడు చోట్ల దాచండి, పాస్టరు గారు బదిలీ అయితే పుస్తకం ఆయన సామానుతో వెళ్ళిపోకుండా రాసి తీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, పాత కాగితం చిరుగుతోందని లామినేషన్ చేయించకండి. ఆ వేడికీ జిగురుకీ సిరా పాడవుతుంది, మళ్ళీ ఊడదీయడం ఎవరివల్లా కాదు.

ఉత్తరం పెద్దదయింది, కత్తెర వేస్తారని తెలుసు. వేస్తే వేయండి, ఆ లామినేషన్ ముక్క మాత్రం ఉంచండి.

ఇట్లు
మీ పాఠకుడు, కందుకూరు