రంగు గీకే ముందు ఆ పెద్దాయన్ని అడుగు

యాప్రాల్, హైదరాబాద్

బిడ్డా,

నువ్వూ నీ స్నేహితులూ బాగుచేస్తున్న వీజిల్, అదే ఆ పాత మిలిటరీ మంచు బండి, ఫోటోలు అందాయి. మీ అమ్మ చూసి, "ఇంత డబ్బు పోసి ఈ తుప్పు డబ్బానా కొన్నది?" అంది. తుప్పు పైపైనే ఉంది, అడుగు రేకు గట్టిగానే ఉంది అంటే వినదు. నేను మాత్రం ఒక్కో ఫోటోని పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. బండి బాగుపడుతుంది. ఫోన్లో చెబుదామంటే నువ్వు ఒక పక్క వంట చేసుకుంటూ సగమే వింటావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఇంజను. అది స్టూడీబేకర్ కంపెనీ వాళ్ళ చాంపియన్ కారులో వాడిన ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనే, అంతుపట్టనిదేమీ కాదు. కానీ ఏళ్ళ తరబడి కదలని ఇంజనుకు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడితే రింగులు విరిగి కూర్చుంటాయి. ప్లగ్గులు ఆరూ విప్పి, లోపలికి డీజిలు, ఇంజన్ ఆయిలు కలిపి కొంచెం కొంచెం పోయండి. వారం నానాలంటే నాననివ్వండి. ఆ తర్వాత పుల్లీ బోల్టుకి పానా వేసి, చేత్తో అటు కాస్త ఇటు కాస్త ఆడించాలి. కదల్లేదని పైపు తొడిగి బలం చూపించొద్దు. నీ స్నేహితుల్లో ఆ పొడుగు అబ్బాయికి ఇది ప్రత్యేకంగా చెప్పు, ఫోటోలో సుత్తి పట్టుకున్న తీరు చూస్తే నాకు టెన్షన్ వచ్చింది.

అసలు పని ట్రాకుల దగ్గర, అంటే బండి నేల మీద నడిచే ఆ పొడుగు పట్టాల దగ్గర ఉంది. లోపల ఉక్కు తాళ్ళు పోసిన రబ్బరు పట్టీలు, వాటి మీద అడ్డంగా ఇనుప పలకలు. మీ బండికి రబ్బరు బీటలు వారి తాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. పలకలు కడిగి వాడుకోవచ్చు, రబ్బరు మాత్రం మార్చాల్సిందే, అక్కడ డబ్బుకి వెనకాడొద్దు. ఈ బండి గొప్పతనమంతా ఆ ట్రాకుల వెడల్పులోనే ఉంది. ఖాళీ బండి రెండు టన్నులకు కాస్త తక్కువ, అయినా నేల మీద పడే ఒత్తిడి చదరపు అంగుళానికి 2 పౌండ్ల లోపే. మనిషి మోకాలి దాకా దిగబడే మంచు మీద ఇది పైపైన వెళ్ళిపోతుంది. ఆ ట్రాకులకి పడనిది గట్టి రోడ్డు. కాబట్టి ఊళ్ళో అందరికీ చూపిద్దామని తారు రోడ్డు మీద తిప్పొద్దు.

దీని పుట్టుక గురించి నువ్వు చెప్పాక నేనూ చదివాను. 1942లో జెఫ్రీ పైక్ అనే ఇంగ్లీషాయన బుర్రలో పుట్టిన ఆలోచనట. జర్మన్ల చేతిలో ఉన్న నార్వేలో మంచు మీద నుంచి వెళ్ళి దెబ్బ కొట్టాలని పథకం. పథకం రద్దయింది, బండి మిగిలింది. స్టూడీబేకర్ వాళ్ళు దాదాపు 15,000 చేశారు. తమాషా ఏమిటంటే మంచు కోసం కన్న ఈ బండి ఎక్కువ పేరు తెచ్చుకున్నది బురదలో, 1944లో హాలండ్‌లోని వాల్హెరెన్ దీవి వరద నీళ్ళలో, ఆ పైన జపాన్ దీవి ఇవోజిమా బూడిద ఇసుకలో. జీపులు కూరుకుపోయిన చోట ఇవి సామాను చేరవేశాయి.

ఆర్మీలో మా కోర్సులో ఇలాంటి కథలకు ఇన్‌స్ట్రక్టర్లు చెవి కోసుకునేవారు. తిరుమలగిరిలో మాకు జోజిలా, అంటే కాశ్మీర్ నుంచి లడఖ్‌కి వెళ్ళే కనుమ, సంగతి చెప్పారు. 1948 నవంబరు 1న, 11,000 అడుగులు దాటిన ఆ కనుమలోకి మన సైన్యం 7వ కావల్రీ రెజిమెంటు స్టూవర్ట్ ట్యాంకులు ఎక్కించింది. ఎవరికీ తెలియకుండా టరెట్లు, అంటే ఫిరంగి ఉండే పై గోపురాలు, విప్పి శ్రీనగర్ దాకా తెచ్చారు, కంచర గాడిదల బాటని మద్రాస్ సాపర్లు, అంటే సైన్యంలోని ఇంజనీర్లు, వెడల్పు చేశారు. పుస్తకాల్లో ట్యాంకుల మీదున్న వాళ్ళ పేర్లే ఉంటాయి. ఆ చలిలో వాటిని స్టార్ట్ చేసిన మెకానిక్‌ల మాట ఎక్కడా కనబడదు. అది ఆర్మీ బండ్లు బాగుచేసే మా ఈఎంఈ విభాగం వాళ్ళ పాత కడుపుమంట, నువ్వు పట్టించుకోకు.

ఆ జోజిలా అవతల ద్రాస్‌లో నేను ఉన్న చలికాలం గురించి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మా వర్క్‌షాపు అంటే ఒక టెంటు, చలి కాచుకునే పొయ్యి బుఖారీ ఒకటి. సాయంత్రం బ్యాటరీలు విప్పి బుఖారీ పక్కకి మోసుకొచ్చేవాళ్ళం. హ్యాండ్‌బ్రేకు ఎవరూ వేసేవారు కాదు, వేస్తే తెల్లారేసరికి బ్రేకు షూలు డ్రమ్ముకి అతుక్కుపోయేవి. బండిని గేర్లో పెట్టి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, టైర్ల కింద గోనె సంచులు పరిచేవాళ్ళం. పొద్దున్నే శక్తిమాన్ ట్రక్కు కింద దూరి, ఇంజను అడుగున ఆయిలు ఉండే చాంబర్‌కి బ్లో ల్యాంపు సెగ చూపిస్తే గాని ఆయిలు కదిలేది కాదు. ఒక రోజు కరీంనగర్ నుంచి వచ్చిన కొత్త కుర్రాడు గ్లవుజు తీసి పానా పట్టుకున్నాడు. వదిలేసరికి వేళ్ళ తోలు పానాకే ఉండిపోయింది. వాడు అరవలేదు, పానా వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇవేవీ మాన్యువల్లో ఉండవు.

అందుకే మీ షెడ్డుకి వస్తూ పోతూ ఉన్న ఆ పెద్దాయన గురించి ఇంత చెబుతున్నాను. తొంభై దాటిన మనిషి, యాభైల్లో అలాస్కాలో ఇదే బండి నడిపాడు అన్నావు. "ఏమీ చెప్పడు నాన్నా, చూసి వెళ్ళిపోతాడు" అన్నావు. "అప్పుడు ఎలా ఉండేది సార్?" అని అడిగితే ఏ ఫౌజీ అయినా "బాగానే ఉండేది" అంటాడు. నన్నడిగినా అదే అంటాను. అలా కాకుండా ఆయన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టు. ఇంజను లేకపోయినా ఫర్వాలేదు, స్టీరింగు కర్రలు రెండూ ఉంటే చాలు. చేతులు వాటంతట అవే కదులుతాయి. అప్పుడు చిన్న చిన్నవి అడుగు. రాత్రిళ్ళు ట్రాకులు నేలకి గడ్డకట్టకుండా కింద ఏం వేసేవారు? వాలు మీద ట్రాకు ఊడితే ఎవరు దిగేవారు, గునపం ఎక్కడ ఆనించేవారు? పాత పార్టులు ఆయన ఒళ్ళో పెట్టి అడిగితే ఇంకా మంచిది. రికార్డు చేసుకో, కానీ ఫోను ఆయన ముఖం ముందు పెట్టకు.

ఇదంతా అయ్యేదాకా రంగు గీకొద్దు. పుస్తకంలో బొమ్మకి సరిపోనిదల్లా కోసి పారేయాలని నీకు తొందరగా ఉన్నట్టుంది. ఎవరో సైనికుడు అవసరం కొద్దీ చేసుకున్న మరమ్మతు కూడా ఆ బండిలో భాగమే. కొత్తగా మెరిసిపోయే మిలిటరీ బండిని చూస్తే నాకు పెళ్ళికి అద్దెకు తెచ్చిన కారులా ఉంటుంది.

ఇంకోటి, గట్టిగా చెబుతున్నాను. బాగయ్యాక గడ్డకట్టిన చెరువు మీదికి తీసుకెళ్ళొద్దు. 1951లో అంటార్కిటికాలో ఇలాంటి బండే పొగమంచులో మంచు అంచు దాటి సముద్రంలో పడింది. నలుగురిలో ఒక్కడే బతికాడు. ఈ పేరా మీ అమ్మకి చదివి వినిపించలేదు.

బేరింగుల మీద నంబర్లు శుభ్రంగా తుడిచి ఫోటో తీసి పంపు. రాణీగంజ్‌లో కనుక్కుంటాను, అక్కడ లేకపోతే బాలానగర్‌లో నాకు తెలిసిన లేత్ మేస్త్రీ ఉన్నాడు, కొలత సరిగ్గా ఇస్తే బుష్షులు తిప్పి ఇస్తాడు.

డ్రైవరు పక్కన ఇంజను మూత దగ్గర వంకరగా వెల్డింగు చేసిన కొక్కెం ఒకటి ఫోటోలో కనబడింది. దాన్ని కోసేస్తానన్నావు, ఇప్పుడే వద్దు. మా బండ్లలో తడిసిన గ్లవుజులు ఆరేసుకోవడానికి సరిగ్గా అక్కడే అలాంటివి పెట్టుకునేవాళ్ళం. అది దేనికో ఆయన్ని అడిగి నాకు రాయి. నా ఊహ మాత్రం ఆయనకి ముందే చెప్పకు.

మీ నాన్న