కర్నూలు నుంచి అనంతపురం బస్సులో కలిసిన ఆ అవ్వకు

మెడ పక్కకు తిరగట్లేదు, ఒళ్ళంతా నొప్పులు, అయినా ఇది ఇప్పుడే రాయాలి. కర్నూలు స్కూళ్ళలో నాకున్న టూరెట్ సిండ్రోమ్ గురించి పిల్లలకు చెప్పే కార్యక్రమం నిన్నటితో అయిపోయింది. బాగానే జరిగింది. కానీ మాట్లాడినంతసేపూ టిక్స్, అంటే నా ప్రమేయం లేకుండా వచ్చే కదలికలు, అరుపులు, బిగబట్టుకున్నాను కదా, తిరుగు బస్సెక్కాక అన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. మెడ విదిలింపులు, గొంతులోంచి అరుపులు, చెయ్యి పోయి పోయి ముందు సీటు కడ్డీకి కొట్టుకోవడం. పక్కనున్నాయన లేచి వెనక్కెళ్ళిపోయాడు. ఎవరో ఫిట్స్ అనుకుని తాళాలగుత్తి చేతిలో పెట్టబోయారు, ఇంకెవరో తాగినాడన్నారు. ఆరేళ్ళప్పటి నుంచి వింటున్న మాటలే.

డోన్‌లో ఎక్కిన ఒక అవ్వ చెనిక్కాయల మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఎవరూ కూర్చోని ఆ సీట్లో కూర్చుంది. కాసేపు చూసి "నొస్తాందా నాయనా?" అంది.

ఇన్నేళ్ళలో అందరూ ఎందుకట్లా చేస్తావు, ఆపుకోలేవా అనే అడిగారు. నొప్పిగా ఉందా అని బయటివాళ్ళు ఒక్కరూ అడగలేదు. ఏడుపు ఆగలేదు నాకు. అవ్వ ఏమీ అనకుండా భుజం మీది పాత తువ్వాలు తీసి, నా చెయ్యి తగిలేచోట కడ్డీకి చుట్టి ముడేసింది.

తర్వాత నా కరపత్రం చూసి "నాకు సదువు రాదు, నువ్వే సెప్పు" అంది. చెప్పాను. ఇది మెదడుకు సంబంధించింది, పిచ్చి కాదు, అంటుకోదు, చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గుతుంది, నాలాంటి కొందరికి ఉండిపోతుంది, బూతులు వచ్చేది నూటికి 10, 15 మందికే. రెప్ప వేయకుండా ఎంతసేపుంటావవ్వా, నాదీ అంతే అన్నాను. గుత్తి వచ్చేసరికి అవ్వే వెనక్కి తిరిగి బస్సంతటికీ చెప్తోంది, "వాని చేతిలో లేదంట, అట్ల సూడాకండి" అని. లేచెళ్ళినాయన వచ్చి కరపత్రం అడిగి తీసుకున్నాడు.

అవ్వ పామిడిలో దిగింది. పామిడి వాళ్ళెవరైనా ఈమెను గుర్తుపడితే ఇది చదివి వినిపించండి, తువ్వాలు నా దగ్గరే ఉంది, తెచ్చిస్తాను.

ఒక అవ్వకు గుత్తిలోపు అర్థమైంది, వైకల్య సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళకు ఇన్నేళ్ళయినా కాలేదు. 1885లోనే ఫ్రెంచి డాక్టరు టూరెట్ రాసిపెట్టిన జబ్బు ఇది, మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో దీని పేరు విడిగా లేదు. వెళ్ళిన ప్రతిసారీ లిస్టులో లేదని పంపించేస్తారు. పరీక్షకు వేరే గది ఇవ్వండంటే అక్కడ కాగితం అడుగుతారు, ఆ కాగితం వీళ్ళివ్వరు. మధ్యలో నలిగేది పిల్లలు.

అమ్మ, నాన్న, తమ్ముడు ఎప్పుడూ ఉండేవాళ్ళే, వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

కరపత్రాలు అప్పుకు కొట్టించి ఇచ్చిన డీటీపీ షాపు అన్నకు థాంక్స్. పిల్లల్ని ఎండలో నిలబెట్టకుండా వరండాలో కూర్చోబెట్టిన హెడ్మిస్ట్రెస్ మేడమ్‌కు కూడా. గుత్తిలో నాకోసం బస్సు కాసేపు ఎక్కువ ఆపిన డ్రైవరన్న, నీళ్ళు తెచ్చిచ్చిన కండక్టర్ మేడమ్... ఆ, డోన్ దాకా నా బ్యాగు ఒళ్ళో పెట్టుకున్న ఇంటర్ అబ్బాయి! ఇంకా ఉన్నారు, రేపు రాస్తాను, చెయ్యి లేవట్లేదు.