ఆదివారం విరాటపర్వం: మీ పాత్ర ఎంచుకోండి

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మేడ మీద మన చదువు కూటమి. ఈసారి పాండవుల అజ్ఞాతవాసం. ఇంటిపని, యుద్ధం రెండూ ఒకే కుటుంబం ఎలా మోసిందన్నదే మాట్లాడుకుందాం.

ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుని మూడు నిమిషాలు చెప్పాలి:

వలలుడు (భీముడు): విరాటుడి వంటశాలలో వంట, రాత్రి నర్తనశాలలో కీచకవధ.
బృహన్నల (అర్జునుడు): విరాటుడి కూతురు ఉత్తరకు నాట్యం నేర్పి, తర్వాత జమ్మిచెట్టు మీది గాండీవం అందుకున్నవాడు.
సైరంధ్రి (ద్రౌపది): విరాటుడి రాణి సుధేష్ణ దగ్గర అలంకారం పని. ఉత్తరకుమారుడికి సారథిగా బృహన్నలను సూచించింది ఆవిడే! నాకైతే ఈ పర్వానికి ప్రాణం ఆవిడే, కాబట్టి బాగా చదివినవాళ్లు తీసుకోండి.
కంకుభట్టు (ధర్మరాజు), దామగ్రంథి (నకులుడు, గుర్రాల పని), తంత్రీపాలుడు (సహదేవుడు, ఆవుల పని): ముగ్గురినీ ఒకరే చెప్పొచ్చు. దక్షిణ గోగ్రహణంలో (విరాటుడి ఆవులను పట్టుకుపోయినప్పుడు) త్రిగర్త రాజు సుశర్మతో పోరు మరిచిపోవద్దు.

తిక్కన పద్యం ఒక్కటైనా పైకి చదవాలి. తప్పులు పోయినా టెన్షన్ వద్దు, పిల్లలనూ తీసుకురండి.

శుక్రవారం రాత్రిలోగా మీ పాత్ర పేరు ఇక్కడే పెట్టండి. వాన పడితే కింద హాల్లో కలుద్దాం.