సోషల్ మీడియాతో ఇంగ్లిష్: వినడంతో ఆపొద్దు, పలకండి

అందరికీ నమస్తే. డిగ్రీ, బీటెక్ పిల్లలు రీల్స్‌తో ఇంగ్లిష్ వచ్చేస్తుందంటున్నారు. అర్థం కావడం వస్తుంది, మాట్లాడటం రాదు. రోజూ ఒక్క నిమిషం క్లిప్ చాలు. యూట్యూబ్‌లో బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ వీడియో తీసుకుని ముందు క్యాప్షన్లు లేకుండా వినండి. తర్వాత క్యాప్షన్లు ఆన్ చేసి, వేగం 0.75కి తగ్గించి, ఒక్కో వాక్యం దగ్గర ఆపుతూ పలకండి. ఆఖర్న మామూలు వేగంతో పలికి రికార్డు చేయండి.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్‌ని ‘బస్సు’, బుక్‌ని ‘బుక్కు’ అనేస్తాం. మాట్లాడేటప్పుడు తెలియదు, రికార్డింగులో ఇట్టే దొరికిపోతుంది. ఆటోమేటిక్ క్యాప్షన్లు మాత్రం పేర్ల దగ్గర తరచూ తప్పుతాయి, నమ్మకండి.

గ్రూపులో 30 సెకన్ల వాయిస్ నోట్ పెట్టండి. టైప్ చేస్తే దిద్దుకునే వీలుంటుంది, ఇంటర్వ్యూలో ఆ వీలుండదు.