అంగిలి చీలిక: మాండరిన్ పలుకును కొలిచేటప్పుడు

సంపాదకులకు,

అంగిలి చీలికకు, అంటే పుట్టుకతోనే నోటి పైకప్పు చీలి ఉండటానికి, ఆపరేషన్ అయ్యాక పిల్లల పలుకును అంచనా వేయడంలో చెవి తీర్పే ముఖ్యం, కానీ చైనా ప్రధాన భాష మాండరిన్‌లో అదొక్కటే చాలదు. ఆ భాషలో 'పా' అంటే నాన్న, 'ఫా' (ఒత్తి పలికే 'ప'తో) అంటే భయపడటం. రెంటికీ స్వరస్థాయి ఒకటే. తేడా అంతా పెదవులు విడిపోయాక గొంతు మోగడానికి పట్టే సమయంలోనే ఉంది: మొదటిదానికి సుమారు 10-20 మిల్లీసెకన్లు, రెండోదానికి 80-100. మెత్తటి అంగిలి ముక్కుదారిని పూర్తిగా మూయకపోతే నోట్లో ఒత్తిడి నిలవదు, ధ్వనిని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో, పెదవులు విడిపోయేటప్పటి పేలుడు తాలూకు నిలువు గీత పలచబడుతుంది, ఒక్కోసారి కనిపించదు. కొందరు పిల్లలు హల్లును గొంతులోనే బిగబట్టి వదులుతారు. ఆ కొలతను సగటులో కలపకూడదు, విడిగా రాయాలి.

ఊష్మాల దగ్గర, అంటే 'స', 'ష' లాంటి గాలి రొద హల్లుల దగ్గర, పొరపాట్లు ఇంకా ఎక్కువ. 'స' శక్తి 8 కిలోహెర్ట్జ్ పైన కూడా ఉంటుంది. శాంప్లింగ్ రేటులో, అంటే సెకనుకు ధ్వనిని కొలిచే సార్లలో, సగం వరకే రికార్డవుతుంది కాబట్టి 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో రికార్డు చేస్తే ఆ భాగం పోయినట్టే. 44.1 కిలోహెర్ట్జ్, కుదించని ఫైలు, నోటికి 15 సెంటీమీటర్ల దూరంలో కాస్త పక్కగా మైకు పెట్టాలి. ముక్కులోంచి వచ్చే గాలి రొద కూడా తెరమీద ఊష్మంలాగే కనిపిస్తుంది. ముక్కు మూసి అదే మాట మళ్లీ అనిపిస్తే బయటపడుతుంది.

మరో మాట. దక్షిణ చైనాలో చాలామంది, ఏ చీలికా లేనివాళ్లే, నాలుక వంచి పలికే 'ష'ను 'స'లా పలుకుతారు. అందుకే పోలికకు అదే ప్రాంతపు, అదే వయసు పిల్లలనే తీసుకోవాలి. లేదంటే యాసను లోపంగా లెక్కగట్టి, అక్కర్లేని చికిత్స రాసిచ్చే ప్రమాదముంది.

- ఒక స్పీచ్ థెరపిస్టు