తెర మీద వత్తులు కనబడాలంటే

సంపాదక మహాశయా,

సభల్లో, శిక్షణ తరగతుల్లో తెలుగు స్లైడు తెర మీదికి రాగానే అక్షరాలు చెదిరిపోవడం మామూలైపోయింది. తప్పు ప్రొజెక్టర్‌ది కాదు. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) టైపు చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్‌లో కొడితే ఆ బెడద లేదు గానీ, ఫాంటు మారితే వాక్యం పెట్టె దాటి కిందికి జారుతుంది. విండోస్ పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఫాంట్లను ఫైల్లోనే ఇమిడ్చే గడికి టిక్కు పెట్టాలి. పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కాపీ కూడా ఉంచుకోవాలి.

ఇంగ్లిషుకు సరిపోయే సైజు తెలుగుకు చాలదు. ‘రాష్ట్రం’ చూడండి: ష కింద ట వత్తు, ర వత్తు రెండూ ఇరుక్కోవాలి. 28 పాయింట్లకు తగ్గితే వెనక వరుసవాళ్లకు అవి మరకల్లా కనిపిస్తాయి. లైన్ల మధ్య ఎడం (లైన్ స్పేసింగ్) కనీసం 1.2 లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. బోల్డ్ శీర్షికకే చాలు. అంతటా పెడితే అక్షరాల్లోని గుండ్రటి ఖాళీలు పూడిపోతాయి. అక్షరాల వెనక గులాబీ పూల బొమ్మలు పెట్టేవారికి ఏం చెప్పినా వృథా.

స్లైడులో ఉన్నదే చదివితే జనం వక్తకంటే ముందే చదివేసి ఫోన్లు తీస్తారు. వివరించేటప్పుడు ‘బి’ మీట నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే స్లైడు తిరిగొస్తుంది.

– ఒక పాఠకుడు, గుంటూరు